బిందె దించుకునే దిమ్మె

2023లో మా గేమ్ స్టూడియో అంటే తార్నాకలో రెండు గదులు, నలుగురు మనుషులు. పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక పాత మెట్లబావి ఉంది. ఎండిపోయి, సగం పూడిపోయింది, చుట్టూ ఇనుప జాలీ. ఎవరైనా పడతారన్న భయంతో దానిపై కాంక్రీట్ స్లాబ్ వేయాలని కమిటీ ఆలోచిస్తోంది. ఆపడానికి చరిత్ర లెక్చరర్ మేడమ్‌కు రెండు వారాల గడువు దొరికింది.

"జాలీలోంచి చూస్తే చెత్తే కనిపిస్తుంది. కమిటీవాళ్లను లోపలికి దింపాలి. గేమ్‌లో అయినా సరే" అన్నారామె మా స్టూడియోకి వచ్చి.

పని మొదలుపెట్టాం. ఫోటోగ్రామెట్రీ, అంటే వందల ఫోటోలను కలిపి త్రీడీ రూపం తీయడం, పైభాగానికి బాగా కుదిరింది. పూడిక కింద ఏముందో కెమెరాకు తెలియదు. పైన కనిపించే తొమ్మిది మెట్లు కొలిచాను. సగటు ఎత్తు ఇరవై రెండు సెంటీమీటర్లు. ఆ ఒక్క మెట్టునే అడుగు దాకా కాపీ చేశాను. మా వృత్తిలో అందరూ చేసే పనే.

ప్లేటెస్ట్‌కు, అంటే బయటివాళ్లతో ఆడించి చూడటానికి, మేడమ్ యాదమ్మను తీసుకొచ్చారు. సీతాఫల్‌మండి నుంచి వచ్చి క్యాంపస్ ఊడుస్తుంది. చిన్నప్పుడు ఆ బావి నీళ్లు మోసింది. గేమ్‌లో ఆటగాడి పని కూడా అదే: దిగి, బిందె నింపుకుని పైకి రావడం.

తెరను కాసేపు చూసి నవ్వింది. "ఏంది బిడ్డా, నువ్వెన్నడన్న నీళ్లు మోసినవా?"

"లేదమ్మా."

"గదే. నిండు బిందెతోటి గింత ఎత్తు ఎక్కుతరా? మెట్లు మీద జానెడు ఉన్నా, కింద బెత్తెడే ఉంటయి. నడుమ దిమ్మె ఉన్నది, బిందె దించి దమ్ము తీసుకునేటందుకు."

నా దగ్గర కొలతలున్నాయి, ఆమె దగ్గర జ్ఞాపకమే ఉంది. నేను ఒప్పుకోలేదు. "తవ్వి చూద్దాం" అన్నారు మేడమ్. అనుమతి తీసుకుని ఇద్దరు కూలీలతో ఒక మూల పూడిక తీయించారు.

రెండో రోజు మధ్యాహ్నం కింది మెట్టు బయటపడింది. టేపు పెట్టాను. ఎనిమిది సెంటీమీటర్లు. పక్కనే రాతి దిమ్మె, దాని మీద బిందెల అడుగులు అరగదీసిన మూడు గుండ్రటి గుంటలు. యాదమ్మ కొంగుతో ఒక గుంటలోని మట్టి తుడిచి, "గిది మా అమ్మ జాగ" అంది.

మూడు రోజుల్లో గేమ్‌లో కింది భాగమంతా మళ్లీ కట్టాం.

డెమో రోజు కమిటీ పెద్దాయనే కంట్రోలర్ తీసుకున్నారు. నిండు బిందెతో పరుగెత్తించి సగం నీళ్లు ఒలకబోశారు.

"మెల్లగ, సారూ. బస్సు పోతలేదు" అంది వెనక నుంచి యాదమ్మ.

గదంతా నవ్వింది. ఆయన బిందెను దిమ్మె మీద దించి, ఆటలోని మనిషి తల పైకెత్తించారు. నాలుగు వైపులా కమానులు, వాటి మధ్య చతురస్రంగా ఆకాశం. ఆయన నా వైపు తిరిగారు.

"ఆ దిమ్మె నిజంగా ఉందా?"

"ఉంది సార్. నేనే కొలిచాను."

"అయితే స్లాబ్ వద్దు. ముందు పూడిక తీయించండి."

ఆ ఎండాకాలంలో పూడికంతా తీశారు. కింది మెట్లన్నీ బెత్తెడే.

ఇప్పుడు స్కాన్ అందని చోటును కాపీతో నింపను. ఖాళీగా వదిలేసి, అక్కడ బరువు మోసిన మనిషి కోసం వెతుకుతాను.