నెల ముందే పెట్టిన సంతకాలు

చనిపోయిన మనిషి డ్యూటీకి రావడం నేను పట్టపగలు చూశాను. దెయ్యాల కథ చెప్పడం లేదు, మా ఆఫీసు రిజిస్టరు సంగతి చెబుతున్నాను.

తొంభైల చివర్లో నేను నర్సీపట్నంలో కాలువ పనులు చూసే వర్క్ ఇన్‌స్పెక్టర్ని. నాతవరం వైపు ఒక తూము ఉండేది. దాని తలుపులు ఎత్తి దించడానికి ఒక లస్కరు, మా నాన్న వయసువాడు. నీళ్ళ మీదుగా పరిచిన చెక్కబల్లల మీద నడిచి తలుపు దగ్గరికి వెళ్ళాలి. ఆ బల్లలు ఎలా ఉన్నాయో రోజూ చూసి, రిజిస్టరులో రాసి, ఇద్దరం సంతకాలు పెట్టాలన్నది రూలు.

రోజూ అంత దూరం ఎవడు పోతాడు? ప్రతి నెలా ఒకటో తారీఖున అతనే షేర్ ఆటోలో వచ్చేవాడు. బస్టాండు పక్క టీ కొట్లో కూర్చుని నెలంతా ఒక్క పూటలో పూర్తి చేసేవాళ్ళం. సిరా అంతా ఒకే రంగైతే పైవాళ్ళకి అనుమానమొస్తుందని రెండు పెన్నులు మార్చి మార్చి వాడేవాళ్ళం. ఆ తెలివి నాదే, అప్పట్లో గర్వంగా కూడా ఉండేది. నేను ‘బల్లలు గట్టిగా ఉన్నవి’ అని వరసగా రాసుకుపోతే, అతను నాలుక కరుచుకుని తన పేరు ఒక్కో అక్షరమే దిద్దేవాడు. అతనికి వచ్చిన చదువు అంతే.

ఒక వానాకాలం, నెల మధ్యలో, తడుచుకుంటూ మళ్ళీ వచ్చాడు.

“బాబూ, నడిమి బల్ల పుచ్చిపోనాది. ఓపాలి వచ్చి సూడండి.”

నాకు చిరాకేసింది. “నెలాఖరు దాకా గట్టిగా ఉన్నవని రాసేశాం కదా. ఇప్పుడు పుచ్చిందంటే మన మెడకే చుట్టుకుంటుంది. ఒకటో తారీఖున కొత్త పేజీలో రాద్దాం.”

“అంతేనంటారా? సరే బాబూ, అందాకా ఓరనుంచి నడుస్తాన్లెండి.”

ఆ శనివారం మధ్యాహ్నం ఆ బల్లే విరిగి, కాలువలో పడి చనిపోయాడు.

సోమవారం రిజిస్టరు తెరిచాను. ఆ రోజు గడిలో అతని సంతకం ఉంది. మర్నాటి గడిలోనూ ఉంది. తెరవకూడదని అనుకుంటూనే రోజూ తెరిచేవాణ్ణి. నాకంటే ముందే వచ్చి, సంతకం పెట్టేసి, నా వెనకెక్కడో నిలబడి చూస్తున్నట్టుండేది. గురువారం ముసురు పట్టింది. ఆనాటి గడి మీద వేలు పెడితే నీలం సిరా వేలికి అంటింది. చెమ్మ వల్లే అయ్యుంటుంది. మిగతా గడులు కూడా రుద్ది చూశాను, ఒక్కటీ అంటలేదు. ఆ పూట ఆ చేత్తో అన్నం తినలేకపోయాను.

విధి నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీశానని నా మీద క్రిమినల్ కేసు పెట్టారు. రుజువైతే జైలు, ఉద్యోగమూ పోతుంది. ఇంట్లో నా భార్యకి నెలలు నిండుతున్నాయి. అదృష్టమో దురదృష్టమో, శనివారంతో ఒక ఆకు అయిపోయింది. పోలీసులకి రిజిస్టరు ఇచ్చేముందు ఆ తర్వాతి ఆకులు చింపేశాను. నాకెవరూ చెప్పలేదు, భయపడి నేనే చేశాను.

కేసు రెండు వేల సంవత్సరం దాటాక విచారణకొచ్చింది. మా వకీలు మిగిలిన పేజీలు లస్కరు భార్య ముందు పెట్టాడు.

“ఈ సంతకం ఎవరిది?”

“మాయనదేనండి.”

“పోయిన రోజు కూడా బల్లలు గట్టిగా ఉన్నాయనే కదా పెట్టాడు?”

ఆవిడ ఆ అక్షరాల్ని వేలితో తడిమి, “అవునండి” అంది. కేసు కొట్టేశారు.

బయట వేపచెట్టు కింద ఆవిడ నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“మీరు రోజూ వచ్చి సూసీవోరంట కదా బాబూ. మాయనే సూసి అడుగెయ్యనేదు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టుకున్నాను, ఏటి అనుకోకండి.”

నేను తలూపాను.

ఆ ఆకులు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. వాటిలో అతని పదకొండో రోజు కర్మ నాటి గడి కూడా ఉంది. బల్లలు గట్టిగా ఉన్నవి, కింద అతని సంతకం, పక్కన నాది. ఆ ఒక్క ఆకు ఆవిడ చేతిలో పెడితే ఆయన తప్పు లేదని తెలిసేది. పెట్టలేదు.