వసంత రాసిన లిథియం అంకె

ఇన్నేళ్ళుగా ఒక అంకె బరువు మోస్తున్నాను. మింగలేక కక్కలేక. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పెడన. ఇంట్లో కలంకారీ పని. బందరు కాలేజీలో బీఎస్సీ చదివేటప్పుడు, నాకు కుంచె పట్టడం వచ్చని క్లాసులో అందరి చార్టులూ నా నెత్తినే పడేవి. వసంత నా పక్క బెంచీ. వాళ్ళది బంటుమిల్లి, నాన్నగారు మండలాఫీసులో గుమాస్తా. దానికి నక్షత్రాల పిచ్చి. ఆఖరి సంవత్సరం సెమినారుకు విశాఖ నుంచి ఒక ప్రొఫెసరుగారు వస్తున్నారనగానే లిథియం గురించి మాట్లాడతానంది. ఆయన మెచ్చుకుంటే ఎమ్మెస్సీకి వైజాగ్ పంపిస్తానని వాళ్ళ నాన్నగారు మాటిచ్చారు. అంతకు మించి దానికి వేరే దారి లేదు.

విషయం చిన్నదే. విశ్వం పుట్టిన మొదటి కొద్ది నిమిషాల్లో హైడ్రోజన్, హీలియంతో పాటు చిటికెడు లిథియం కూడా తయారైందట. ఆ చిటికెడు ఎంతో లెక్క కట్టొచ్చు. బాగా ముసలి నక్షత్రాల మీద అది ఇంకా మిగిలే ఉంది, వాటి వెలుగును విడదీసి చూస్తే ఎంతుందో తెలుస్తుంది. రెండూ ఒకటే కావాలి కదా? వసంత ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని రాసుకొచ్చిన కాగితంలో మాత్రం, నక్షత్రాల్లో కనిపించింది లెక్కలో మూడో వంతే. ఎందుకో అర్థం కావట్లేదు, ఆ ప్రొఫెసరుగారినే అడుగుతానంటూ కాగితం నా చేతిలో పెట్టి బస్సెక్కింది.

చార్టు వేస్తూ నేను అక్కడ ఆగాను. మీరు సైన్సు చదివుంటే ల్యాబుల సంగతి తెలిసే ఉంటుంది. లోలకం ఊపి గురుత్వాకర్షణ విలువ కడితే 980 రావాలి. రాకపోతే వెనక నుంచి లెక్క కట్టి రీడింగులు దిద్దుకునేవాళ్ళం. దాన్ని తప్పనుకున్నవాళ్ళు మా బ్యాచ్‌లో ఎవరూ లేరు. మా ఇంట్లోనూ అంతే, అచ్చుకీ అచ్చుకీ మధ్య గీత కలవకపోతే కలంతో కలిపేస్తాం. పాపం పిచ్చిది, ఎక్కడో పొరపాటు పడింది, పెద్దాయన ముందు నవ్వులపాలవుతుందనుకున్నాను. నక్షత్రాల అంకెను మూడింతలు చేసి, రెండూ సమానంగా వేశాను. బాగా కుదిరాయని మురిసిపోయాను కూడా. దాని కాగితానికే కుంచెలు తుడిచి పారేశాను.

ఇంతవరకూ తెలివితక్కువతనం. అసలు తప్పు ఇంకా ముందుంది.

సెమినారు మొదలయ్యాక చార్టు పట్టుకెళ్ళాను. వసంత దాన్ని విప్పి, ఒక్క క్షణం తడబడింది. ప్రొఫెసరుగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. ఈ రెండూ ఎవరికీ కలవలేదమ్మా, నీకెలా కలిశాయి అన్నారు. వసంత తన కాగితం కోసమన్నట్టు నా వైపు చూసింది. అంకెలు దిద్దేవాళ్ళు ఈ చదువుకు పనికిరారని ఆయన మెల్లగానే అన్నారు. వెనక వరసలో వాళ్ళ నాన్నగారు తలవంచుకున్నారు.

నేను లేచి చెప్పొచ్చు. ఎందుకు లేవలేదు? భయమా? ఆయన మాట నాకు తగులుతుందనా? లేక నాకు లేని దారి దానికి దొరుకుతోందన్న కుళ్ళు, నాకే తెలియకుండా లోపలెక్కడో ఉండి, ఆ నిమిషాన నన్ను బెంచీకి అదిమి కూర్చోబెట్టిందా? ఏమో. ఉండే ఉంటుంది.

బస్టాండులో వాళ్ళ నాన్నగారు బస్సు సంగతి కనుక్కోవడానికి వెళ్ళినప్పుడు వసంత నా వైపు తిరిగింది.

"నేనిచ్చిన కాగితంలో ఎలా ఉందే?"

"చార్టులో ఉన్నట్టే ఉంది. చూసే కదా వేశాను."

"అయితే కంగారులో నేనే తప్పు రాశాను. నీ కష్టం కూడా పాడుచేశాను, ఏమనుకోకే."

అదే నాకు క్షమాపణ చెప్పింది.

వైజాగ్ మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎత్తలేదు. బీఈడీ చేసి, ఇప్పుడు గుడివాడలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతోంది. మంచి టీచరంటారు. కానీ బోర్డు మీద ఏ అంకె వేసినా, తన మీద తనకు నమ్మకం లేనట్టు వెనక్కి తిరిగి పుస్తకంలో చూసుకుంటుందట.

మొన్న ఆదివారం వసంతకు ఫోన్ చేసి చెప్పేశాను. బస్టాండులో ఆడిన అబద్ధంతో సహా. వాళ్ళింట్లో కుక్కర్ విజిల్ వినిపించింది. తర్వాత, "అయితే నేను సరిగ్గానే రాశానన్నమాట" అంది. ఇంకోసారి అదే మాట అంది, ఈసారి గట్టిగా.

క్షమించానని అనలేదు. అడిగే మొహం నాకూ లేదు. పెట్టేసే ముందు మాత్రం, ఆ లెక్క ఇప్పటికైనా కలిసిందా అని అడిగింది. ఇంకా లేదట అన్నాను. "సరే, చూస్తాను" అంది వసంత. ఆ గొంతు నేను కాలేజీలో విన్నదే.

ఆవేళ ఆ హాల్లో కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకూ చెబుతున్నాను. ఆ అంకె దిద్దింది నేను. వసంత కాదు.