సాసరులో సగం చాయ్

పోలీసు చర్య జరిగిన కొత్తలో బెజవాడ నుంచి సికింద్రాబాద్ వెళ్లాను. ఇరానీ హోటల్లో నా ఎదురుగా కూర్చున్న మిషన్ స్కూలు చరిత్ర మాస్టారు, తన చాయ్‌లో సగం సాసరులో పోసి నా ముందుకు జరిపి, నాలుక కరుచుకున్నారు.

"మాఫ్ చెయ్యి బాబూ, అలవాటు. ఈ కుర్చీల ఇరవై ఏండ్లు మా ఉర్దూ మాస్టరు కూసునేటోడు. మొన్న ఇల్లిడిసి కరాచీ పోయిండు."

ఆయనే మళ్లీ అన్నారు. "అమెరికోళ్లు ఇంగ్లీషు రాజు మీద గెలిచి స్వతంత్రం తెచ్చుకున్న పాఠం ఏటా చెప్త. గెలిచినంక, రాజు దిక్కున్నోళ్లు ఇండ్లిడిసి ఓడలెక్కిండ్రని సుత పుస్తకంల ఉంటది. గా రెండు లైన్లు ఎన్నడూ చెప్పలే. ఈసారి చెప్పబోయి, పుస్తకం మూసిన."

"నిజాం పాలన పోయింది, సంతోషమేగా?" అన్నాను.

"సంతోషమే," అన్నారాయన సాసరు వంక చూస్తూ. "మరి గీ సగం చాయ్ ఎవరికి పొయ్యాలె?"