దూలగొండి గింజ, గాజు సూది

ఆ రెండేళ్లూ నేను చేవెళ్ల నుంచి మొయినాబాద్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీకి పొద్దున్నే బస్సులో వెళ్లేదాన్ని. చలికాలంలో కిటికీ బయట పొగమంచు తప్ప ఏమీ కనబడేది కాదు. చామంతి తోటల వాసన వచ్చినప్పుడు మాత్రం ఎక్కడున్నామో తెలిసేది. నాతో చదివినవాళ్లంతా అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నారు. నేను పరిశోధన కోసం ల్యాబులో గాజు సూదులు చేస్తున్నాను.

వెంట్రుకలో పదో వంతు మందం ఉండే బొగ్గు పోగును సన్నటి గాజు గొట్టంలోకి దూర్చి, వేడి చేసి లాగితే సూది తయారవుతుంది. దాన్ని ద్రావణంలో ముంచి కొద్దిగా కరెంటు ఇవ్వాలి. అందులో డోపమీన్ ఉంటే తెర మీద గీత మెల్లగా లేచి, చిన్న దిబ్బలా వంగి దిగుతుంది. డోపమీన్ అంటే మన కదలికలను నడిపే మెదడు రసాయనం. తగ్గితే చేతులు వణుకుతాయి. మా బాపు కుడిచేయి అప్పటికి ఏడాదిగా వణుకుతోంది, దవాఖాన గోళీలు వేసుకుంటున్నాడు. నేను ఈ పని ఎందుకు ఎంచుకున్నానో ఆయనకు చెప్పలేదు. ఆయనకు తెలిసే ఉంటుంది.

ఒకరోజు క్యారెట్ మడిలో నీళ్లు మళ్లిస్తూ ఆయనే అన్నాడు. "మన కంచె మీద దూలగొండి ఉన్నది గద. దాని గింజలు వణుకుకు పనిజేస్తయని మా అవ్వ చెప్తుండె. నీ సూది ఏమంటదో జర సూడు."

ఆ కాయల మీది నూగు తగిలితే ఒళ్లంతా దురదే. చేతికి గోనెసంచి చుట్టుకుని ఆయనే కోశాడు. కాయ రెండుసార్లు జారిపోయింది. నేను సాయం పట్టబోతే వద్దన్నాడు.

గింజలు నూరి, వడకట్టి, సూదిని ముంచాను. గీత లేచింది. దాదాపు డోపమీన్ లేచే చోటే. వెంటనే మా గైడు సారును పిలిచాను. ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, మాట తక్కువ. చాలాసేపు తెర వంక చూసి, "ఇది డోపమీన్ కాదమ్మా, దానికి తల్లి. మెదడులోకి వెళ్లాక డోపమీన్ అవుతుంది. మీ నాన్నగారు వేసుకునే మాత్రల్లో ఉండేదీ ఇదే," అన్నారు.

ఆ సాయంత్రం చెబితే బాపు గింజలు మింగుతానన్నాడు. ఒక్కో గింజలో ఎంత ఉంటుందో తెలియదని, దవాఖాన గోళీలే వేసుకోమని బతిమాలాను. కాసేపు అలిగాడు, తర్వాత ఒప్పుకున్నాడు.

మా సూది మాత్రం గెలవలేదు. ఎలుక మెదడు ముక్కలో పెడితే నిమిషాల్లో దానికి జిగురు పట్టేది, గీత పడుకునేది. పని ఆగిపోయింది. నాకూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికింది. వెళ్లిపోయే ముందు బాపును ల్యాబుకు తీసుకెళ్లాను. ఆయన స్టూలు మీద కూర్చుని, చేయి ఒళ్లో పెట్టుకుని, గీత లేవడం చూశాడు.

"నా తలకాయల ఎంతున్నదో గిట్ల సూడొస్తదా?"

"రాదు బాపు. బతికున్న మనిషి తలలో ఇది పెట్టరాదు."

ఆయన తల ఊపాడు. ఇంకోసారి చూపించమన్నాడు. మూడుసార్లు చూపించాను.

తిరుగు బస్సులో ఎండ పల్చగా పడుతోంది. ఎంకపల్లి దాటేసరికి ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. నిద్రలో ఆ వణుకు ఆగుతుందని పుస్తకాల్లో చదివాను గానీ, అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆయన చేయి నా మోకాలి మీద కదలకుండా ఉంది. చేవెళ్ల వచ్చింది, జనం దిగుతున్నారు. కండక్టర్ మా వైపు చూశాడు. ఒక్క నిమిషం ఆగమని సైగ చేశాను.