ఉందో లేదో అన్నంత గులాబీ

ఇరవై ఎనిమిదేళ్లుగా మా యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబులో స్టోరు కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. పిల్లల చేతుల్లో పగిలిన బ్యూరెట్ గొట్టాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే నేనంటే అందరికీ హడల్. ఒక్క రంగులక్కకి తప్ప.

రంగులక్క మొదటి సంవత్సరం విద్యార్థిని. వయసు నలభై రెండు. ఆ పేరు క్లాసు పిల్లలు పెట్టిందే. పందొమ్మిదేళ్లు అద్దకం కార్ఖానాలో రంగు తొట్టెల దగ్గర పనిచేసి, అది మూతపడ్డాక ఎంట్రన్స్ రాసి మరీ సీటు తెచ్చుకుంది.

"ఉప్పు వేస్తే బట్టకి రంగెందుకు పడుతుందో ఒక్కడూ చెప్పలేదన్నయ్యా. వెయ్యమంటే వేశాం. అది తెలుసుకోకుండానే పోతానా?" అంది మొదటి రోజే.

ఇంట్లో ఆమె, పదో తరగతి కూతురు ఒకే బల్ల మీద చదువుకుంటారట. లెక్కల్లో కూతురే గురువట. తప్పు చేస్తే మొట్టికాయ కూడా పడుతుందట!

థియరీలో ఢోకా లేదు. ప్రాక్టికల్స్‌లోనే ఒకసారి తప్పింది. మళ్లీ తప్పితే సీటు పోతుంది.

తప్పిన కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. టైట్రేషన్‌లో ఫ్లాస్కులో ఆమ్లం ఉంటుంది. అందులో ఇండికేటర్ రెండు చుక్కలు వేసి, పైన బ్యూరెట్ నుంచి క్షారాన్ని చుక్కచుక్కగా వదలాలి. లేత గులాబీ రంగు తొంగిచూడగానే ఆపేసి, ఎంత పట్టిందో రాసుకోవాలి. క్లాసులో అందరికంటే ముందు ఆ రంగు రంగులక్కకే కనబడేది. కనబడినా ఆపేది కాదు! ఫ్లాస్కంతా ముదురు గులాబీ అయ్యేదాకా వదిలేది.

"కళ్లు కనబడవా నీకు?" అని ఒకరోజు కసిరాను.

"కనబడుతోందన్నయ్యా. కానీ ఇదీ ఒక రంగేనా? ఒక్క ఉతుక్కి పోతుంది. మా మేస్త్రీ అయితే బట్ట మొహాన కొట్టేవాడు."

రంగు పలచబడితే పందొమ్మిదేళ్లు చీవాట్లు తిన్న చెయ్యి మరి, ఎలా ఆగుతుంది? పరీక్షకు పది రోజులే ఉంది. రోజూ మధ్యాహ్నం ల్యాబు ఖాళీ కాగానే ఆమెను కూర్చోబెట్టాను. ఫ్లాస్కు కింద తెల్ల కాగితం పెట్టాను.

"ఇది కట్టుకునే బట్ట కాదు తల్లీ. ఉందా, లేదా అని అనుమానం రావాలి. వచ్చిందా, చచ్చినట్టు ఆగు."

పోరగా పోరగా చెయ్యి దారికొచ్చింది.

పరీక్షలో మొదటిసారి తొమ్మిది పాయింట్ నాలుగు మిల్లీలీటర్లు పట్టింది. చక్కటి లేత రంగు. రెండోసారీ అదే వస్తే గట్టెక్కినట్టే. అంతలో పాత అలవాటు తన్నుకొచ్చింది. ఫ్లాస్కు ముదురు గులాబీ! కిటికీలోంచి చూస్తూ నెత్తి కొట్టుకున్నాను. ఇచ్చిన ఆమ్లమూ అయిపోయింది.

"తొమ్మిది పాయింట్ నాలుగే రాసెయ్ అక్కా, ఎవడు చూడొచ్చాడు?" అని పక్కమ్మాయి గుసగుసలాడింది.

రంగులక్క మాత్రం వచ్చిన అంకే వేసి, పక్కన 'దాటిపోయింది' అని రాసింది. ఖాళీ సీసా పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

రెండోసారి ఆమ్లం అడిగితే అయిదు మార్కులు కోత. కానీ నేను రిజిస్టర్లో రాస్తేనే ఆ కోత పడుతుంది. పెన్ను ముట్టుకోకుండా సీసా నింపి తోశాను.

"రాయండన్నయ్యా."

"నోరు మూసుకుని పట్టుకెళ్లు."

"చెడిన తొట్టెని చెడిందని రాయకపోతే తర్వాతి తొట్టె కూడా చెడుతుంది. మా దగ్గర అంతే. రాయండి."

ఒళ్లు మండిపోయింది. సిగ్గూ వేసింది. రాశాను.

ఆమె మళ్లీ బ్యూరెట్ పట్టుకుంటే చూసే ధైర్యం లేక తల తిప్పుకున్నాను. ఉండబట్టలేక చూసేసరికి ఫ్లాస్కును తెల్ల కాగితం మీద పెట్టి, కళ్లు చికిలించి చూస్తోంది. చెయ్యి ఆగి ఉంది.

పాసవడానికి ఇరవై అయిదు రావాలి. కోత పోగా ఆమెకు ఇరవై ఆరు వచ్చాయి.

మర్నాడు ఒక చేతిరుమాలు తెచ్చి నా ముందు పెట్టింది.

"తెల్ల రుమాలు నాకెందుకమ్మా?" అన్నాను.

"కాగితం మీద పెట్టి చూడండి."

రిజిస్టర్లో తెల్ల పేజీ తీసి పరిచాను. ఉందో లేదో అన్నంత గులాబీ!

"ఇంత లేతగా నా జన్మలో అద్దలేదన్నయ్యా. ఉతికితే పోతుంది, చూసుకోండి మరి."

నాలుగేళ్లయింది. ఇంతవరకు ఉతకలేదు.