జలుబు మాత్రల రెండో షీటు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, చలికాలం. ఎమ్మిగనూరులో మగ్గాల వీధి మొదట్లో నా మందుల షాపు. డి.ఫార్మసీ చదివి, లైసెన్సు నా పేరు మీదే తీసుకుని, కౌంటర్లో నేనే నిలబడతాను. చీటీ చూడగానే చేయి సరైన అరలోకి పోతుందని అప్పట్లో నాకు కాస్త పొగరు. ఆ పొగరు దిగిన సంగతే ఇది.

ఈరన్న ఆ వీధి నేతగాడు. డెబ్బైకి దగ్గర. ఆయనది గుంత మగ్గం, అంటే నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసేది. ఒక పొద్దున ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు.

“జలుబు వదల్లేదమ్మా. ఏదన్నా మంచి మాత్ర ఇయ్యి.”

“పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మగ్గం మీదే కునుకుతావు సూడు పెద్దాయనా,” అన్నాను. నవ్వాడు. పది మాత్రల షీటు ఇచ్చి పంపేశాను. ఒంట్లో ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని అడగలేదు.

మూడో రోజు మళ్ళీ వచ్చాడు. షాపు ముందు నలుగురు ఆడవాళ్ళు, అందులో ఇద్దరు ఆయన వీధి కోడళ్ళే. ఒకరు పోతే ఇంకొకరు వస్తున్నారు. ఆయన పక్కకు ఒదిగి, పొత్తికడుపు మీద చేయి పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ముఖం వాడిపోయి ఉంది.

“ఏం కావాల, సెప్పు పెద్దాయనా,” అన్నాను గట్టిగా.

నన్ను చూశాడు, వాళ్ళను చూశాడు. “అదే... జలుబు మాత్రలే ఇయ్యమ్మా.”

“అప్పుడే పదీ మింగేసినావా? బువ్వకు బదులు అవే తింటాండావా ఏంది?”

ఆడవాళ్ళు నవ్వారు. ఇంకో షీటు ఆయన చేతిలో పెట్టాను. రెండు రోజులకు నాలుగు మాత్రలే అవుతాయని నాకు తెలుసు. అయినా ఇచ్చాను.

మర్నాడు ఆయన్ను ఆటోలో ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయారని తెలిసి, షాపు మూసి వెళ్ళాను. ముందురోజు తెల్లవారినప్పటి నుంచి చుక్క మూత్రం రాలేదట. క్యాథెటర్, అంటే మూత్రనాళంలోకి ఎక్కించే సన్నటి గొట్టం, వేశారు. గొట్టానికి కట్టిన మూత్రం సంచి నిండి రెండో సంచి తగిలించాల్సి వచ్చింది.

ప్రోస్టేట్ వాచిందని డాక్టరు చెప్పాడు. అది మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి. వయసు మీద పడేకొద్దీ చాలామంది మగవాళ్ళకు అది ఉబ్బి నాళాన్ని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది, రాత్రిళ్ళు పదేపదే లేవాలి, పోసినా ఇంకా మిగిలినట్టే ఉంటుంది. ఈ వాపు క్యాన్సర్ కాదు. తొందరగా చూపిస్తే అక్కడి కండరాన్ని వదులు చేసే మాత్రలతోనే చాలామందికి సర్దుకుంటుంది. లేదంటే టీయూఆర్‌పీ ఉంది, పొట్ట కోయకుండా నాళంలోంచే గ్రంథిని చెక్కే ఆపరేషన్. ఇలాంటివాళ్ళకు చాలా రకాల జలుబు మాత్రలు పడవు, ఆ దారిని మరింత బిగిస్తాయి. ఇదంతా నేను పరీక్ష రాసి పాసైన పాఠమే.

ఎన్నాళ్ళ నుంచి ఉందని డాక్టరు అడిగితే ఆయన భార్య నాగమ్మ చెప్పింది. “మూడేండ్లాయ సార్. ఒంటేలుకని గుంతలోంచి మాటిమాటికీ లేయలేక నీళ్ళు తాగేదే తగ్గించినాడు. ముసలితనమని ఊరికే ఉన్నాము.”

ఆ మూడేళ్ళూ లోపల నిలిచిపోయిన మూత్రం కిడ్నీలను పాడుచేసింది. కర్నూలుకు పంపారు. ఒళ్ళు కోలుకున్నాక ఆపరేషన్ చేద్దామన్నారు. ఈలోపే మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి, ఇరవై రోజులకు ఈరన్న పోయాడు. మాత్ర ఒక్కటే కారణం కాదని డాక్టరు నాతో అన్నాడు. నాకేమీ ఊరట కలగలేదు.

దినాలు అయిపోయాక నాగమ్మ షాపుకు వచ్చి, కౌంటరు మీద ఒక షీటు పెట్టింది. పది మాత్రలూ అలాగే ఉన్నాయి.

“ఇది తెరవనే లేదమ్మా. మొదటి దాంట్లోనే ఆరు మిగిలినాయి. ఒంటేలు ఆగిపోయింది, నీకు సెప్పి మందు తెచ్చుకుంటానని వచ్చినాడు ఆ పొద్దు. ఆడోళ్ళ ముందర నోరు రాలేదంట. ఏదో ఒకటి అడగాల కదా అని ఇది కొనుక్కొచ్చినాడు.”

నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. ఆయన మీద నేను వేసిన జోకు గుర్తొచ్చింది.

ఇప్పుడు జలుబు మాత్ర అడిగిన ప్రతి పెద్దాయన్నూ కౌంటరు చివరికి పిలుస్తాను. “ఒంటేలు సాఫీగా వస్తాందా?” అని మెల్లగా నేనే అడుగుతాను. ముందు నేల చూస్తారు, తర్వాత చెబుతారు. అర నిమిషం పడుతుంది. ఈరన్న నా ఎదుట పావుగంట నిలబడ్డాడు.