చెల్లెలి పాటల డబ్బీలో నా రాతలు

నంద్యాల బస్టాండు దగ్గర మా చెల్లెలికి జిరాక్సు అంగడి ఉంది. ఆమె మెడలో అగ్గిపెట్టెంత పాటల డబ్బీ ఒకటి వేలాడుతుండేది. చెవుల్లో వైర్లు పెట్టుకుని, పెండ్లి కార్డులు టైపు చేస్తూ తనలో తాను తల ఊపుకునేది. ఆళ్లగడ్డ నుంచి వెళ్లి ఎదురుగా స్టూలు మీద కూర్చున్న నాకు ఆ పాట వినబడేది కాదు. అదొక మంట.

అసలు మంట పాతది. తను పుట్టినప్పుడు నాకు ఎనిమిదేండ్లు. అమ్మ చేనికి పోతే చంటిపిల్లను చూసుకోవాలని నన్ను బడి మాన్పించారు. నా చంకలో పెరిగిన పిల్ల డిగ్రీ చదివింది. నేను యాభై రెండో ఏట, మా వీధి అంగన్‌వాడీలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు పెట్టిన తరగతిలో అక్షరాలు దిద్దాను.

అక్షరాలు వచ్చాక రాయడం పట్టుకుంది. చిన్నప్పటి సంగతులు నోటుపుస్తకాల్లో రాసి ఇస్తే చెల్లెలు టైపు చేసేది. తప్పులు దిద్దుతూ నవ్వేది.

"ఏందక్కా ఇది, శనగకు కొమ్ములు పెట్టినావు. శనగకు యాడన్నా కొమ్ములుంటాయా, ఎద్దా అది?"

నేనూ నవ్వేదాన్ని. ఇంటికి వచ్చి ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టేదాన్ని. నా వంకర అక్షరాలు ఇంకెవరి కంటా పడకూడదు. అట్లా పదకొండు పుస్తకాలు కాలిపోయాయి. అందులోని సంగతులు ఇక తన కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

ఒకరోజు ఆ కంప్యూటర్‌కు జబ్బు చేసింది. లోపలున్నదంతా తుడిచేస్తే తప్ప బాగుపడదని చెప్పిన మెకానిక్, మధ్యాహ్నం వచ్చి తీసుకుపోతానన్నాడు. చెల్లెలు మెడలోని డబ్బీ తీసి, వైర్లు ఊడబీకి, కంప్యూటర్‌కు గుచ్చింది.

"దీంట్లో పాటలే గాదుక్కా, ఏదైనా పెట్టుకోవచ్చు. నీ రాతలూ మన పాత ఫోటోలూ కాపీ చేస్తాండా. ముట్టుకోవాకు," అని చెప్పి, జిరాక్సుకు వచ్చినవాళ్ల దగ్గరికి పోయింది.

కాపీ అన్న మాట నాకు ఒక్క తీరుగానే తెలుసు. అక్షరాల పరీక్షలో పక్కనున్నామె నా కాగితం చూసి రాస్తుంటే, "కాపీ కొడతావా? దొంగతనం గాదా అది?" అని టీచరమ్మ ఆమెను లేపి నిలబెట్టింది.

తెర మీదకు చూశాను. నా పుస్తకాల పేర్లు మెల్లగా, ఒకదాని వెనుక ఒకటి ఎటో పోతున్నాయి. పోయే చోట మా చెల్లెలి పేరు ఉంది. తన డబ్బీకి తన పేరు పెట్టుకుందని నాకేం తెలుసు? చదవడం రాకపోయుంటే ఊరికే చూస్తూ కూర్చునేదాన్ని. చదివాను కాబట్టి కడుపు మండింది. నా చదువు తిన్నది చాలక, ఇప్పుడు నా బతుకు కూడా తన పేరు కింద రాసుకుంటోంది. డబ్బీని పీకి టేబుల్ మీద పెట్టాను.

"అయిపోయిందా?" అని అక్కడి నుంచే అడిగింది.

"అయిపోయింది," అన్నాను.

మెకానిక్ వచ్చి కంప్యూటర్‌ను తీసుకుపోయాడు.

వారం తర్వాత వెళితే చెల్లెలు ముఖం వాడిపోయి ఉంది. పదకొండింటిలో నాలుగే తెరుచుకుంటున్నాయి. మిగతావీ, ఫోటోలూ లేవు.

"తప్పు నాదేక్కా. డబ్బీ పాతదైపాయ. ఒక్క పాట గూడా మిగలకుండా తీసేసి నీకు జాగా చేస్తి. నా కార్డులు గూడా పెట్టుకోలే. అయినా నిలవలే."

నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. తను నమ్మింది కూడా. కానీ తప్పు కూడా తనే మోస్తుంటే చూడలేకపోయాను.

"నేనే పీకితి."

"ఎందుకు?"

"కాపీ అంటివి. ఆడ చూస్తే నీ పేరుండె."

"కాపీ అంటే నీది నీకే ఉంటాదిక్కా. అట్లాంటిదే ఇంకోటి పుడతాది, అంతే. అడగొచ్చు గదా?"

"నిన్నా?" అన్నాను.

ఆ ఒక్క మాటతో నలభై ఏండ్లకు పైగా కడుపులో ఉన్నదంతా బయటపడింది. ఎవరో ఆధార్ కార్డు జిరాక్సుకు వస్తే తను లేచి వెళ్లింది.

పోయిన ఏడింటినీ మళ్లీ రాస్తున్నాను. ఇప్పుడు మూడోదాంట్లో ఉన్నాను. మొదటిసారి వచ్చినంత బాగా రావడం లేదని నాకే తెలుస్తోంది. బాగుందని చెల్లెలు అంటుంది, టైపు చేస్తుంది. నాకోసం తన పాటలన్నీ చెరిపేసుకుందని తలుచుకుంటే మనసు కరగాలి. కరుగుతుంది. దానికంటే ముందు, అట్లాంటి పని చేయగలిగింది తనే గాని నేను కాదని కుళ్లు పుడుతుంది.